ఫారంలో ఐదో గడి

గుణుపురం మున్సిపాలిటీ వాళ్ళు
రోడ్డు పక్క అమ్ముకునేవాళ్ళకి కార్డులిస్తామన్నారు.
ఫారం పైన ఒడియా, కింద ఇంగ్లీషు.
తెలుగుకి గీత కూడా లేదు.
తవిటమ్మ మాత్రం తెలుగులోనే కూర్చుంది,
స్టేషన్ రోడ్డు మలుపులో, గోనెపట్టా మీద.
తట్ట నిండా కరమంగ కాయలు,
పక్కన రెండు అనాసలు,
ఈగల కోసం సగం చిరిగిన తాటాకు విసనకర్ర.

"నువ్వు ఇంగిలీసు సెప్పే మేష్టరివి కదా,
ఈ గడిలో నన్నేటని రాస్తావు?"

ఐదో గడి. వృత్తి.
ఫ్రూట్ సెల్లరని రాసేసి లేచిపోవచ్చు.
కాని ముందురోజు రాత్రే ట్యూషన్‌లో
బ్యాంకు పరీక్షల పుస్తకం నుంచి ఒక పాత మాట అడిగాను:
కాస్టర్‌మాంగర్.
పొట్నూరు తారకేసు బట్టలు కుట్టేవాడని టిక్కు పెట్టాడు.
మిగతావాళ్ళు వాడి కాగితం చూసి అదే పెట్టారు.
జవాబు పళ్ళమ్మేవాడు.
ఆ మాట ఇంకా నాలిక మీదే ఉంది,
ఊరుకోలేక ఆమెతో అన్నాను.

"అదేటి, తిట్టులాగుంది."

తిట్టు కాదని విప్పి చెప్పాను,
అనాస చెక్కు తీసినంత జాగ్రత్తగా.
కాస్టర్డ్ అని వాళ్ళ దేశంలో ఒక యాపిలు.
పెద్దది. నున్నన కాదు,
ఒళ్ళంతా గట్లు, బక్కమనిషి పక్కటెముకల్లాగ.
ఎముక మాట నుంచే దాని పేరొచ్చిందంటారు,
రుజువు అడిగితే ఏమో అంటారు.
ఆ కాయలు మోసుకుని వీధివీధీ కేకలేసినవాడికి ఈ పేరు.
తర్వాత ఆ యాపిలు కనపడకుండా పోయింది.
చేపలమ్మినా, ఉల్లిపాయలమ్మినా
వాడి మీద మాత్రం ఆ పేరు అలాగే ఉండిపోయింది.

ఆమె ఒక కరమంగని వేళ్ళ మధ్య తిప్పింది.
ఐదు గట్లు. ఎండలో పచ్చగా, లోపల దీపం ఉన్నట్టు.
"దీనికీ ఎముకలున్నాయి. మరి రెండో ముక్కేటి?"

మాంగర్ అంటే బేరగాడు.
ఇంకా వెనక్కి, లాటిన్ దాకా వెళ్తే ఆ మాట మాంగో.
ఆమె పగలబడి నవ్వింది.
మామిడికీ దానికీ చుట్టరికం లేదమ్మా అన్నాను,
సరుకుకి మెరుగులు దిద్ది అమ్మేవాడు,
మనుషుల్ని కూడా అమ్మి…

అక్కడ ఆగాను.
ముందే ఆగి ఉండాల్సింది.

"నన్నూ అమ్మీసారు."
కాయ తట్టలో పెట్టేసింది, చూడకుండానే, సరైన చోట.
"నాకు ముందు ముగ్గురు పోనారట.
నాను పుట్టగానే సేటలో పెట్టి
పక్కింటి బెహరా ముసిల్దానికి అమ్మీసి,
మానెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు.
సావుకి లెక్క తప్పాలని.
అందుకే తవిటమ్మ.
మా యమ్మ బేరం బాగానే ఆడింది, సూడు,
అరవై దాటినా ఇక్కడే ఉన్నాను."

మాటల పుట్టుక చెప్పడానికి వంగి కూర్చున్నవాణ్ణి.
తొమ్మిదేళ్ళుగా ఈవిడ దగ్గర పళ్ళు కొంటున్నాను.
ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందని
ఒక్కసారీ అడగలేదు.

ఇంతలో కొండ దిగిన సవర కుర్రాడొకడు
భుజం మీది కావిడి దించాడు.
ఆమె వాడి భాషలో ఏదో అంది, వాడు తల అడ్డంగా ఊపాడు,
మళ్ళీ అంది, ఈసారి నిలువుగా ఊపాడు.
నౌపడా బండి కూత వేసింది.
నాకు ఒక్క మాటా అర్థం కాలేదు.
రేటు మాత్రం అర్థమైంది.

"ఆ యాపిలు మాట రాయకు మేష్టరూ.
నానెప్పుడూ యాపిలు అమ్మలేదు. అంత పెట్టుబడేది?
కరమంగ అని రాయి."

అది పండు పేరు, పని పేరు కాదు,
ఆఫీసులో కొట్టేస్తారు అన్నాను.

"ఆల్లకీ పండు పేరే కదా మొదట?"

ఐదో గడిలో, ఇంగ్లీషు అక్షరాల్లో,
కరమంగ అని రాశాను.
వేలిముద్ర దగ్గర సిరా కొంచెం అలికింది.

ఒక కాయ కోసి నక్షత్రాల్లాంటి ముక్కలు ఆకులో పెట్టింది.
చేతిలోకి తీసుకున్నాక చెప్పింది:
కాయ ఐదు రూపాయలు.
ఉప్పూ కారం పొట్లం వేరే, అది ఇంకో రూపాయి.